ఉప్పు ఎక్కువైందన్నది ఎవరు?

పోయిన కార్తికంలో ఒక ఆదివారం రాత్రి, గిన్నెలు కడగడం అయిపోయాక, మా పిన్ని తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. తెర మీద ఐదు స్టార్లకు ఒక్క స్టారు వెలుగుతోంది. దాని కింద రెండే మాటలు: ఉప్పు ఎక్కువ.

“ఇది రాసిందెవరో కనుక్కోవచ్చా?” అని అడిగింది.

కనుక్కోలేమని చెప్పాను. పేరు సగమే కనిపిస్తుంది, ఫోను నంబరు కనిపించదు, ఇల్లు ఎక్కడో తెలియదు. పిన్ని కాసేపు ఆలోచించి, “ఎవరో తెలిస్తే రేపు ఇంకో కూర పంపేదాన్ని. ఏ కూరలో ఎక్కువైందో కూడా రాయలేదు. ఆ రోజు ఐదు కూరలు చేశాను” అంది. ఆ రాత్రి ఆవిడ సరిగా నిద్రపోలేదని మర్నాడు బాబాయి చెప్పాడు. డబ్బు పోయిందని కాదు. తన చేతి వంట ఎవరికో నచ్చలేదు, ఆ మనిషికి సర్దిచెప్పుకునే దారి తనకు లేదు. ఆమె బాధ అది.

హోటలు భోజనం ఇంటికి తెచ్చిచ్చే ఈ యాప్‌ల మీద నేను చాలాకాలంగా రాయాలనుకుంటున్నాను. హోటళ్ల దగ్గర అవి తీసుకునే కమీషన్ల గురించి, భోజనం మోసుకొచ్చే కుర్రాళ్ల కష్టాల గురించి చాలామంది రాశారు, నేనూ రాస్తాను. కానీ అన్నిటికంటే పెద్ద నష్టం నాకు ఆ రాత్రి అర్థమైంది. వండేవాళ్లకూ తినేవాళ్లకూ మధ్య మాట తెగిపోయింది. మిగిలిన నష్టాలన్నీ ఆ తెగిన చోటు నుంచే మొదలయ్యాయని నా నమ్మకం.

మా పిన్నీ బాబాయీ విజయవాడ సత్యనారాయణపురంలో 2007 నుంచి చిన్న హోటలు నడుపుతున్నారు. ముందు కర్రీ పాయింట్, లోపల నాలుగు బల్లలు. కర్రీ పాయింట్ అంటే తెలుగు ఊళ్లలో పెరిగినవారికి చెప్పనవసరం లేదు. ఇంట్లో కుక్కరులో అన్నం పెట్టుకుని, వీధి చివరికి వెళ్లి ఒక వేపుడు, ఒక పప్పు, పావులీటరు సాంబారు తెచ్చుకుంటారు. ఉద్యోగాలు చేసుకునే దంపతులు, గదుల్లో ఉండే విద్యార్థులు, భార్య పోయిన పెద్దాయనలు వస్తారు. కొందరు ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకుంటారు. కూర 30 రూపాయలు, పప్పు 25. “నిన్న పులుసులో బెల్లం ఎక్కువైంది పిన్నిగారూ” అని కౌంటరు దగ్గరే చెప్పేవారు. ఆవిడ “అయ్యో” అని ఓ చిన్న డబ్బాలో పెరుగుపచ్చడి వేసి పంపేది. ఆ ఫిర్యాదు అక్కడితో అయిపోయేది, ఆ మనిషి మర్నాడు మళ్లీ వచ్చేవాడు.

పిన్నిని యాప్‌లో చేర్పించింది నేనే. అది 2019. అప్పుడు ఎంత సంతోషపడ్డానో గుర్తుంది. స్విగ్గీని 2014లో బెంగళూరులో మొదలుపెట్టిన ముగ్గురిలో శ్రీహర్ష మాజేటి మన విజయవాడ మనిషి. ఊరివాడు దేశమంతా అన్నం పంపే ఏర్పాటు చేశాడని గర్వపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ గర్వం ఇప్పటికీ ఉంది. మరుసటి సంవత్సరం కరోనా వచ్చి బల్లలు ఖాళీ అయినప్పుడు, యాప్ ద్వారా వచ్చిన ఆర్డర్లే ఆ హోటలుకు అద్దె కట్టాయి. ఆ మేలు నేను మరిచిపోలేదు. మా నాన్నగారిని ఆస్పత్రిలో చేర్చిన రోజు రాత్రి పదకొండు గంటలకు వార్డు బయట కూర్చున్న నాకు వేడి ఇడ్లీ తెచ్చిచ్చింది కూడా ఇలాంటి కుర్రాడే. కాబట్టి యాప్‌లు పోవాలని నేను అనడం లేదు. వాటి వల్ల ఎవరు ఎంత పోగొట్టుకుంటున్నారో లెక్క చూడమంటున్నాను.

ఆ లెక్క కోసం డిసెంబరులో ఒక పని చేశాను. నేను మొగల్రాజపురంలో కొండవాలు మీద ఉంటాను. సత్యనారాయణపురం నుంచి ఏలూరు రోడ్డు దాటి వస్తే మూడు కిలోమీటర్లు ఉంటుంది. మా పిన్ని హోటలు నుంచే ఒక భోజనం యాప్‌లో తెప్పించుకున్నాను. తరవాత నా బిల్లు, పిన్నికి వచ్చిన వారపు లెక్క, భోజనం తెచ్చిన కుర్రాడి ఫోనులో ఆ ఆర్డరుకు పడిన మొత్తం, మూడూ ఒక కాగితం మీద రాసుకున్నాను.

హోటల్లో ఆ భోజనం 160 రూపాయలు. యాప్‌లో 200. కమీషను తట్టుకోవడానికి పిన్ని పెంచిన ధర అది. అందులో 30 రూపాయలు తగ్గింపు అని చూపించారు, ఆ 30 హోటలు నెత్తినే పడుతుంది. మిగిలిన 170 మీద 25 శాతం కమీషను, అంటే 42 రూపాయల 50 పైసలు. ఆ కమీషను మీద 18 శాతం జీఎస్టీ, 7 రూపాయల 65 పైసలు. పిన్ని ఖాతాలో పడింది 119 రూపాయల 85 పైసలు. అందులోంచి డబ్బాలకూ సంచికీ 12 పోతాయి. ఇక నేను కట్టిందేమిటి? భోజనానికి 170, దాని మీద 5 శాతం పన్ను, డెలివరీకి 35, ప్లాట్‌ఫాం ఫీజు 12, ఆ రెండిటి మీద మళ్లీ 18 శాతం పన్ను. అన్నీ కలిపి 234 రూపాయలు. కుర్రాడికి పడింది 28. ప్రభుత్వానికి సుమారు 25. మిగిలిన 61 యాప్‌ది. అందులో వారికీ సర్వర్ల ఖర్చు, జీతాలు, ప్రకటనలు ఉంటాయని తెలుసు. కానీ బియ్యం కొని, కూరలు తరిగి, పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి డబ్బాలు పోగా దక్కింది 108. అదే భోజనం నేను నడిచి వెళ్లి తింటే నాకు 160, ఆవిడకూ 160.

పన్ను సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది చిన్న హోటళ్లవాళ్లకే ఇది స్పష్టంగా తెలియదు. 2022 జనవరి 1 నుంచి యాప్ ద్వారా అమ్మిన వంట మీద 5 శాతం జీఎస్టీని యాపే వసూలు చేసి కట్టాలి. రిజిస్ట్రేషను అవసరం లేనంత చిన్న హోటలైనా సరే, దాని వంట యాప్ దారిన వెళ్తే ఆ పన్ను తప్పదు. అంటే పక్కపక్కనే నిలబడి ఒకే కూర కొన్న ఇద్దరిలో ఫోనులో కొన్నవాడికి పన్ను ఉంటుంది, డబ్బా తెచ్చుకున్నవాడికి ఉండదు. ఇక కమీషను మీద హోటలు కట్టే 18 శాతం తిరిగి రాదు. 2017 నవంబరు నుంచి మామూలు హోటళ్లకు పన్ను 5 శాతానికి తగ్గించినప్పుడు, ముందు కట్టిన పన్నును మినహాయించుకునే హక్కును తీసేశారు. పెద్ద హోటలుకు ఇది ఖర్చుల పట్టికలో ఒక వరస. మా పిన్నికి నెలకు రెండు గ్యాసు సిలిండర్లు.

ఈ లెక్క చూపిస్తే బాబాయి ఆశ్చర్యపోలేదు. “తెలుసు. మానేస్తే ఆ ఆర్డర్లు ఎదురుగా ఉన్న వంటగదికి పోతాయి” అన్నాడు. ఎదురుగా నిజంగానే ఒక వంటగది వచ్చింది. బల్లలు లేవు, బోర్డు లేదు. ఒకే షట్టరు వెనక నుంచి నాలుగు పేర్లతో బిర్యానీలు వెళ్తున్నాయి. కొనేవారికి అవి నాలుగు హోటళ్లలా కనిపిస్తాయి. వండే చోటు చూడకుండా ఇన్ని ముద్దలు మింగిన తరం మనదే అనుకుంటాను.

యాప్‌లో పైన కనిపించాలంటే ప్రకటనకు డబ్బు కట్టాలి. కట్టకపోతే జాబితాలో కిందికి జారతాం. తగ్గింపు ఇవ్వకపోయినా అంతే. పైగా వెతికే మాటల్లో ఉన్న వంటలే అమ్ముడవుతాయి. పిన్ని మంగళవారం, శుక్రవారం కంద బచ్చలి కూర చేసేది. ఆవపెట్టి, నిమ్మకాయ పిండి చేసే ఆ కూర కోసం గాంధీనగర్ నుంచి కూడా వచ్చేవారు. యాప్‌లో ఏ ఒక్కరూ కంద బచ్చలి అని వెతకలేదు. ఫొటోలో అది ఆకుపచ్చని ముద్దలా ఉంటుంది. పొట్లకాయ పాలు పోసిన కూరా అంతే. రెండేళ్లలో అవి రెండూ మూలపడి, వాటి బదులు పన్నీరు కూర, మష్రూమ్ బిర్యానీ వచ్చాయి. 30 రూపాయల కూర పొట్లం యాప్‌లో నిలవదు. తక్కువ మొత్తం ఆర్డరుకు అదనపు రుసుము వేస్తే, కూర కంటే రుసుమే ఎక్కువవుతుంది. కర్రీ పాయింట్ అనే ఏర్పాటే చిన్న కొనుగోళ్ల మీద బతికింది. చేతిలో 50 రూపాయలున్న మనిషికి కూడా రాత్రికి ఇంటి వంటలాంటి వంట దొరకడం మన ఊళ్ల గొప్పతనం. ఆ మనిషి యాప్‌కు పనికిరాడు, యాప్ మీద బతకడం మొదలుపెట్టిన హోటలుకు నెమ్మదిగా ఆ మనిషి పనికిరాకుండా పోతాడు. ఇది తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

పెసరట్టు గురించి కూడా ఒక మాట. పెనం మీద నుంచి దిగిన ఐదు నిమిషాల్లో తినాల్సిన వస్తువు అది. దాన్ని ఉప్మాతో సహా మడిచి, మూత పెట్టి, అరగంట సంచిలో తిప్పితే ఆవిరికి మెత్తబడి తడిగుడ్డలా అవుతుంది. తిన్నవాడు హోటలుకు స్టార్లు తగ్గిస్తాడు. పాత రోజుల్లో క్యారేజీ భోజనంలో పెసరట్టు పెట్టినవారు లేరు. ఏది దూరం వెళ్తుందో, ఏది వెళ్లదో వండేవాళ్లకు తెలుసు. పులిహోర వెళ్తుంది, గోంగూర వెళ్తుంది, పెరుగన్నం వెళ్తుంది. ఆ తెలివిని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నాకు భోజనం తెచ్చిన కుర్రాడి సంగతి. కంకిపాడు నుంచి రోజూ బండి మీద ఊళ్లోకి వస్తాడు. డిగ్రీ పూర్తిచేశాడు. నా ఇంటికి రోడ్డు మీది నుంచి 72 మెట్లు. విజయవాడలో ఇలాంటి ఇళ్లు వేలు ఉన్నాయి. మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్, వన్‌టౌన్ కొండల మీద మెట్లే వీధులు. మ్యాపులో నా ఇల్లు రోడ్డుకు ఆనుకున్నట్టే కనిపిస్తుంది. మెట్లకు పైసా లేదు, మెట్లకు సమయమూ లేదు. అతను పైకి వచ్చి ఊపిరి తీసుకునేలోగా తరవాతి ఆర్డరు మోగింది. మంచినీళ్లు ఇస్తే సగం గ్లాసు తాగి, మిగిలినవి మెట్ల పక్క తులసికి పోసి, “వెళ్లొస్తాను సార్” అని దిగిపోయాడు. ఆ తరవాత నేను ఆర్డరు పెడితే కిందికి దిగి తెచ్చుకుంటున్నాను. మే నెల రోహిణి కార్తెలో, ఈ ఊరి రోడ్లు పెనంలా కాలే మధ్యాహ్నాల్లో, నాలాంటివాళ్లు చల్లగా ఇంట్లో కూర్చుని పైకి రమ్మన్నందుకు సిగ్గుపడుతున్నాను.

ఇంకో రోజు పిన్ని హోటలు అరుగు మీద ఆర్డరు కోసం కాచుకుని ఉన్నప్పుడు అతని రోజు లెక్క అడిగాను. ముందురోజు పదకొండు గంటలు పని చేశాడు. 860 రూపాయలు పడ్డాయి. కంకిపాడు రాకపోకలతో కలిపి 130 కిలోమీటర్లు తిరిగాడు. అప్పటికి మన రాష్ట్రంలో పెట్రోలు లీటరు 109 రూపాయల పైమాట. బండి 45 ఇస్తుంది. పెట్రోలుకే 315 పోయింది. మిగిలింది 545, అంటే గంటకు 50 రూపాయలు కూడా లేదు. టైర్లు, బ్రేకులు, ఆయిలు, ఫోను డేటా అందులోనివే. హోటల్లో కూర ఆలస్యమైతే ఆ అరగంటకు డబ్బు రాదు. వాన పడి లోబ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే చుట్టు తిరిగే దూరం అతని ఖాతాలోదే. వారానికి ఇన్ని ఆర్డర్లు పూర్తిచేస్తే అదనపు మొత్తం ఇస్తామంటారు. ఆ గీత దగ్గరకు వచ్చేసరికి ఆర్డర్లు తగ్గిపోతున్నట్టు అనిపిస్తుందని అతనన్నాడు. నిజమో కాదో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. అడగడానికి మనిషి లేడు. ఏది అడిగినా ముందే రాసిపెట్టిన జవాబు వస్తుంది. పిన్నికి ఉప్పు గురించి అడిగే దారి లేనట్టే, ఇతనికి జీతం గురించి అడిగే దారి లేదు.

పోయిన సంవత్సరం రాత్రి పని ముగించి, యాప్ ఆపేసి ఇంటికి వెళ్తూ బందరు రోడ్డు మీద పడిపోయాడు. మోచేయి విరిగింది. పని సమయంలో జరిగింది కాదు కాబట్టి బీమా వర్తించదన్నారు. పదహారు కిలోమీటర్లు ఇంటికి వెళ్లడం పనిలో భాగం కాదట. ఆరు వారాలు ఆదాయం లేదు.

నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో ఇలాంటి గిగ్ కార్మికులు, అంటే నెల జీతం లేకుండా చేసిన పనికి ఇంత అని డబ్బు తీసుకునేవాళ్లు, 77 లక్షలు, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారని అంచనా. 2020లో చేసిన సామాజిక భద్రత స్మృతి అనే కేంద్ర చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల భద్రతా నిధికి ఇవ్వాలి, అది కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం దాటకూడదు. మంచిదే, లేని దాని కంటే చాలా నయం. కానీ ఆ చట్టం ఇతనికి పేరు పెట్టింది గానీ ఉద్యోగిగా గుర్తించలేదు. కనీస వేతనం లేదు, పని గంటలకు హద్దు లేదు. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో తమ సొంత చట్టాలు చేసుకున్నాయి. మన రాష్ట్రంలో కూడా అలాంటి చట్టం రావాలి, అందులో వేచి ఉన్న సమయానికి కూడా డబ్బు లెక్కకట్టాలి. ఈ మాట నేను గట్టిగా అంటాను.

తినేవాళ్లం మనం కూడా పోగొట్టుకుంటున్నాం. 2023లో రెండు పెద్ద యాప్‌లూ ఆర్డరుకు 2 రూపాయలు అంటూ ప్లాట్‌ఫాం ఫీజు మొదలుపెట్టాయి. ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. రెండేళ్లలో అది పది దాటింది. ధర ముందు తక్కువగా చూపించి, చివరి తెరలో ఒక్కొక్కటిగా రుసుములు కలపడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చింది. అయినా మన చేతులు ఆ చివరి మీట నొక్కడానికి అలవాటుపడిపోయాయి. ఆకలిగా ఉన్నప్పుడు ఎవరు లెక్క చూస్తారు?

పెద్ద హోటళ్లు పోరాడకపోలేదు. 2019 ఆగస్టులో ‘లాగ్ అవుట్’ పేరుతో తగ్గింపు పథకాల నుంచి బయటికి వచ్చాయి. 2021లో జాతీయ రెస్టారెంట్ల సంఘం, వ్యాపారాల మధ్య పోటీ సరిగా ఉందో లేదో చూసే కాంపిటిషన్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేసింది. 2022 ఏప్రిల్‌లో స్విగ్గీ, జొమాటోల మీద విచారణకు ఆ సంస్థ ఆదేశించింది. ఆ ఫిర్యాదుల్లో ఒకటి నన్ను పట్టుకుని వదలలేదు: తమ కొనుగోలుదారులు ఎవరో తమకే తెలియనివ్వడం లేదని. కమీషను శాతాల వార్తల మధ్య ఆ ఫిర్యాదు చిన్నదిగా కనిపిస్తుంది. మా పిన్ని అడిగిన ప్రశ్న సరిగ్గా అదే. పద్దెనిమిదేళ్లు వండిపెట్టిన మనిషికి తన అన్నం తింటున్నది ఎవరో తెలుసుకునే హక్కు లేకపోతే, కమీషను పది శాతానికి తగ్గించినా ఆవిడ హోటలు ఆవిడది కాదు. రేపు ఆ యాప్ వద్దనుకుంటే ఆ కొనేవాళ్లంతా దానితోనే వెళ్లిపోతారు. పిన్ని వాళ్ల కోసం వండింది గానీ వాళ్లను సంపాదించుకోలేదు.

సంక్రాంతి వెళ్లాక మేము ఒక ప్రయత్నం మొదలుపెట్టాం. ప్రతి పార్సిల్లో ఒక కాగితం ముక్క పెడుతున్నాం. పిన్ని చేత్తో రాస్తే జిరాక్సు తీయించాను. “ఏ కూరలో ఏది ఎక్కువైనా, తక్కువైనా ఫోను చేసి చెప్పండి” అని, కింద నంబరు. మొదటి వారంలో నలుగురు ఫోను చేశారు. ఒకావిడ తనకు షుగరు ఉందని, పులుసులో బెల్లం వేయకుండా విడిగా తీసి పెట్టగలరా అని అడిగింది. ఇలాంటి మాటలు చెప్పుకోవడానికే మనుషులు కావాలి.

రెండో పని, పాత క్యారేజీలు దించాం. బాబాయి అటక మీద తొమ్మిది ఉన్నాయి, వన్‌టౌన్‌లో ఇంకొన్ని కొన్నాం. ఇప్పుడు 14 ఇళ్లకు మధ్యాహ్నం క్యారేజీ వెళ్తోంది. నెలకు ఒకసారి డబ్బు ఇస్తారు. ప్లాస్టిక్ డబ్బా లేదు. మంగళవారం కంద బచ్చలి ఉంటుందని ముందే చెబితే ఎవరూ వద్దనలేదు. తీసుకెళ్లేది ఆ కంకిపాడు కుర్రాడే. క్యారేజీకి 25 చొప్పున రెండున్నర గంటల్లో 350 వస్తాయి. అన్నీ దగ్గరి వీధులే కాబట్టి పెట్రోలు పెద్దగా కాలదు. ఖాళీ క్యారేజీ మర్నాడు వెనక్కు తెస్తాడు. ఎవరింట్లో ఏది మిగిలిందో పిన్నికి చెబుతాడు.

చిక్కు ఒకటుంది. ఆ రెండున్నర గంటలు మధ్యాహ్నం రద్దీ సమయం. ఆ వేళ యాప్ ఆపేస్తే అతని వారపు అదనపు మొత్తం పోతుంది. క్యారేజీలు 14 ఉన్నంతకాలం రెండూ కలిపి చూస్తే అతనికి కొద్దిగా తక్కువే వస్తోంది. పిన్ని మీద గౌరవంతో చేస్తున్నాడు, అలా ఎంతకాలం చేయించుకుంటాం? లెక్క వేశాను, 20 క్యారేజీలైతే అతనికి యాప్ కంటే మిగులుతుంది. సత్యనారాయణపురం, ముత్యాలంపాడు, గాంధీనగర్ వైపు మధ్యాహ్నం భోజనం కావలసినవాళ్లు ఎవరైనా ఉంటే మా పిన్ని హోటలుకు వచ్చి ఒకసారి తిని చూసి మాట్లాడండి. ఉగాదిలోపు ఇంకో ఆరు ఇళ్లు కావాలి.